మానే గాయం, మానని గాయం

రాగి కోతల రోజుల్లో మాస్తి చుట్టుపక్కల ఏ చేనుగట్టు మీద నిలబడి చూసినా, ఎడమచేతి వేలికి గుడ్డపేలిక చుట్టుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. కుడిచేతిలో కొడవలి, ఎడమచేతిలో పైరు పిడికిలి. కొడవలి కొంచెం జారితే తెగేది ఎడమచేతి వేలే. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసేవాళ్ళ సంగతీ అంతే. మాలూరు వైపు పెంకుల బట్టీల్లో పనిచేసేవాళ్ళకు కాలిన గాయాలు అదనం. మాస్తి అనగానే కన్నడ దేశమంతా కథకులు వెంకటేశ అయ్యంగార్ గారిని తలుచుకుంటుంది. ఆ గౌరవం మనకూ ఉంది. ఈ నెల మటుకు మనం ఆ గుడ్డపేలిక కింద ఏముందో చూద్దాం.

పేలిక విప్పితే ఇంటికొక మందు. కాఫీపొడి ఒకరు, పసుపు ఒకరు, తమలపాకుకు రాసుకునే సున్నం ఒకరు, గాయపాకు పసరు ఒకరు, పొయ్యిలో బూడిద మరొకరు. మందులు ఎన్నైనా అన్నిటి వెనక ఉన్న అభిప్రాయం ఒకటే: పుండు ఎండితేనే మానుతుంది అని. ఈ మధ్య ఒక అవ్వ నన్ను నిలదీసింది కూడా. "ఎండకుండా ఎట్లా మానుతుంది నాయనా? తడి ఉంటే చీము పట్టదా?"

అవ్వది మంచి ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కొంచెం చర్మంలోకి దిగాలి.

మన చర్మం రెండంతస్తుల కట్టడం. పై అంతస్తు చాలా పలుచన. అరచేతులూ అరికాళ్ళూ మినహాయిస్తే చాలాచోట్ల మిల్లీమీటరులో పదోవంతు మందం. ఇందులో రక్తనాళాలు లేవు. అడుగు వరసలో ఉన్న కణాలు ఒకటి రెండుగా చీలుతూ ఉంటవి. పుట్టిన కణాలు పైపైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి మాంసకృత్తుతో నిండి, చివరకు చచ్చి, పొట్టులాగా రాలిపోతవి. అడుగు వరసలో పుట్టిన కణం రాలిపోయేసరికి సుమారు ఒక నెల పడుతుంది. కింది అంతస్తు మందమైనది. అందులో రక్తనాళాలూ, నరాలూ, వెంట్రుకల కుదుళ్ళూ ఉన్నవి. వీటన్నిటినీ పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే నార. మన దేహంలో అన్నిటికంటె ఎక్కువగా ఉండే మాంసకృత్తు ఇదే.

ఈ రెండంతస్తుల తేడా తోళ్ళు పదును చేసేవారికి ఎప్పటినుంచో తెలుసు. పచ్చితోలును ముందుగా సున్నపు తొట్టిలో నానవేస్తారు. సున్నం పైచర్మాన్నీ వెంట్రుకలనూ వదులు చేస్తుంది, గీకితే ఊడివస్తవి. మిగిలిన కింది అంతస్తును తంగేడు చెక్క కషాయంలో ఊరవేస్తే, ఆ చెక్కలోని వగరు పదార్థం కొల్లాజెన్ నారను అంటిపెట్టుకొని కుళ్ళకుండా కాపాడుతుంది. మన మెట్టల్లో పచ్చగా విరగబూసే ఆ తంగేడే. అంటే తోలుచెప్పు అనేది పైఅంతస్తు తీసేసిన కొల్లాజెన్ పొర. ఇప్పుడు తెగిన వేలికి సున్నం పెట్టేవారు ఒక్క నిమిషం ఆలోచించాలి. ఏ పైచర్మం మొలవాలని ఎదురు చూస్తున్నామో, దాన్ని ఊడగొట్టే వస్తువునే దాని మీద పెడుతున్నాం.

కొల్లాజెన్ అణువు రూపం మొదట బయటపడింది మనకు దగ్గరలోనే, మదరాసులో. 1952లో ఇంగ్లండు నుంచి బెర్నాల్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు మదరాసు విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతుపట్టలేదని మాటల్లో అన్నాడు. అక్కడ భౌతికశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న జి. ఎన్. రామచంద్రన్ గారికి అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. ఆయనా, గోపీనాథ్ కర్తా గారూ కలిసి కంగారూ తోక స్నాయువులోని కొల్లాజెన్ గుండా ఎక్సురేలు పంపి, పడిన మచ్చల కొలతలు కట్టి, 1954లో ఒక నమూనా, 1955లో దాన్ని సవరించి మరొకటి ప్రకటించారు. మూడు పేటలు పెనవేసుకున్న తాడు అది. ఒక్కొక్క పేట ఎమినో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో ప్రతి మూడో పూసా గ్లైసీన్ కావాలి. ఎమినో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది గ్లైసీనే. ఆ చోట ఇంకాస్త పెద్ద పూస కూర్చుంటే తాడు బిగుసుకోదు.

అదే మదరాసులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నవారు మన గుంటూరు సీమవారు, యలవర్తి నాయుడమ్మగారు. ఆయనా, రామచంద్రన్ గారూ పుట్టింది ఒకే సంవత్సరం, 1922లో. తోళ్ళ పరిశ్రమ కోసం కొల్లాజెన్ ను క్షుణ్ణంగా చదివిన ఆ సంస్థే, తరవాత కాలంలో కాలిన గాయాల మీద పరిచే కొల్లాజెన్ పొరలను తయారుచేసింది. చెప్పు కుట్టే శాస్త్రమూ, పుండు కప్పే శాస్త్రమూ ఒకటేనన్నమాట. నాయుడమ్మగారు 1985 జూన్ 23న కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో ఉన్నారు.

సరే, కొడవలి తగిలింది. తరవాతి కథ చూద్దాం.

నెత్తురు బయటికి రాగానే అందులో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తు తునిగి, ఫైబ్రిన్ పోగులై, వలలాగా అల్లుకుంటుంది. ప్లేట్లెట్లు ఆ వలలో చిక్కుకొని తమ లోపలి చిన్న సంచులను విప్పుతవి. వాటిలో ఉండేవి కబురు చెప్పే అణువులు. శాస్త్రజ్ఞులు వీటిని వృద్ధికారకాలంటారు; మనం కబుర్లనే అందాం. ఆ కబురందుకొని కొన్ని గంటల్లో తెల్లకణాలు క్రిములను చంపడానికి వస్తవి. రెండు మూడు రోజులకు భక్షకకణాలు వచ్చి చచ్చినవాటిని మింగి, చోటు శుభ్రం చేసి, తరవాతి పనివాళ్ళకు తాము కూడా కబుర్లు పంపుతవి. ఇల్లు కట్టేచోట మేస్త్రీ లాంటివి ఇవి. గాయం చుట్టూ ఎరుపూ, వేడీ, కొంచెం వాపూ, నీరూ కనిపించేది ఈ రోజుల్లోనే. పని జరుగుతున్న గుర్తులు అవి. నాలుగు రోజులైనా ఎరుపు పెరుగుతూ, నొప్పి ఎక్కువవుతూ, జ్వరం కూడా వస్తే మటుకు అది క్రిముల పని, డాక్టరు చూడవలసిందే.

ఈలోగా పైచర్మపు కణాలు కదలడం మొదలుపెడతవి. నాకు ఈ కథలో ఎప్పుడు చదివినా ఆశ్చర్యం కలిగించే భాగం ఇదే. మామూలుగా ఆ కణాలు కింద ఉన్న పొరకు మేకులు కొట్టినట్టు అంటుకొని ఉంటవి. గాయమైన ఒక రోజులోపల అంచున ఉన్న కణాలు ఆ మేకులు వదులు చేసుకొని, పల్చగా సాగి, ముందుకు కాళ్ళు చాచి పాకుతవి. ఆ కాళ్ళకు అడుగున ఇంటెగ్రిన్ అనే పట్టు ఉంటుంది. అది కిందనున్న తడి నారను పట్టుకుంటుంది. దారికి అడ్డమొచ్చిన ఫైబ్రిన్ నూ, చెడిన కొల్లాజెన్ నూ కత్తిరించడానికి అవి తమ ఎంజైములు తామే తయారు చేసుకుంటవి. ముందు వరస పాకుతుంటే వెనక వరస చీలి సంఖ్య పెంచుతుంది. గాయం లోతు తక్కువైతే వెంట్రుకల కుదుళ్ళలో మిగిలిన కణాలు కూడా పైకి వచ్చి మధ్య మధ్య దీవుల్లాగా పెరుగుతవి. మోకాలు దోక్కుపోతే వారంలో మచ్చైనా లేకుండా మానేది అందుకే. సలసల కాగే నూనె పడి కుదుళ్ళ దాకా కాలిపోతే ఆ దీవులుండవు. వేరేచోటి చర్మం తెచ్చి అతకవలసి వస్తుంది.

పాకమనీ, చీలమనీ ఆ కణాలకు చెప్పేదెవరు? అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే ఆయన చిట్టెలుకల లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కిస్తే, వాటి కళ్ళు మామూలు కంటే ముందుగా తెరుచుకోవడం గమనించాడు. రెప్పల చర్మం త్వరగా ఎదిగిందన్నమాట. ఆ రసంలోంచి ఆయన విడదీసిన చిన్న మాంసకృత్తుకు పైచర్మపు వృద్ధికారకమని పేరు వచ్చింది. అందుకే 1986లో ఆయనకు రీటా లెవీ మొంటల్చినీ గారితో కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు. (కుక్క తన పుండు తాను నాకుతుంది కదా, మనమూ నాకితే మంచిదేనా అని ఎవరైనా అడగవచ్చు. వద్దు. నోటిలో క్రిములకు కొదవలేదు.)

ఈ కబురు అణువు కణం లోపలికి పోదు. కణం పైపొరలో దానికి సరిపోయే గుంట ఉన్న మరొక పెద్ద అణువు ఉంటుంది, తాళంచెవికి తాళంలాగా. కబురు అందులో కూర్చోగానే అటువంటి తాళాలు రెండు జతకూడుతవి. జతకూడి, కణం లోపల ఉన్న తమ తోకలకు ఒకదానికొకటి ఫాస్ఫేటు ముక్కలు అంటించుకుంటవి. ఆ ఫాస్ఫేటు చూసి లోపలి మాంసకృత్తు ఒకటి మేలుకొంటుంది, అది ఇంకొకదాన్ని లేపుతుంది. ఇట్లా చేతులు మారుతూ కబురు కణకేంద్రానికి చేరి, కదలికకూ చీలికకూ కావలసిన జన్యువులు పని మొదలుపెడతవి. ఆ ఫాస్ఫేటు ముక్క ఎక్కడిది? ఏ.టి.పి. అనే అణువుది. దేహంలో ప్రతి పనికీ చెల్లే నాణెం అది. దాన్ని 1929లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. మాస్తిలో తెగిన వేలు మానేటప్పుడు ఖర్చయ్యేది సుబ్బారావుగారి నాణెమే!

ఇక అవ్వ ప్రశ్నకు వద్దాం. ఈ కణాలు పాకాలంటే తడి ఉండాలి. గాలికి ఎండబెట్టిన పుండు మీద గట్టి చెక్కు కడుతుంది. అప్పుడు కణాలు చెక్కు అడుగున ఇంకా తడి మిగిలిన లోతుకు దిగి, దారి తవ్వుకుంటూ పోవాలి. 1962లో ఇంగ్లండులో జార్జి వింటర్ పందుల వీపు మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిని పల్చటి పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో పెరిగింది. అంటే ఎండితే మానుతుందన్నది తలకిందుల మాట. మానితే ఎండుతుంది. అవ్వ భయపడిన చీము పుట్టేది క్రిములవల్ల, తడివల్ల కాదు. శుభ్రమైన తడి వేరు, మురికి తడి వేరు.

ఆ మురికి దగ్గరే నా అసలు భయం. పొయ్యి బూడిద, మట్టి, పేడ, చేలో పెరికిన ఆకు, వీటిలో ధనుర్వాతపు క్రిమి బీజాలుండవచ్చు. అవి గాలి చొరని లోతు గాయంలో మొలకెత్తి, నరాలను పట్టే విషం కక్కుతవి. దవడ బిగుసుకొని, వీపు విల్లులాగా వంగి మనిషి పోయేదాకా వస్తుంది. పూర్వం పసిబిడ్డ బొడ్డుకు పేడా బూడిదా పెట్టి ఎందరు తల్లులు కడుపుకోత అనుభవించారో లెక్కలేదు. గర్భిణులకు టీకా, ఆస్పత్రి కాన్పుల పుణ్యమా అని మన దేశంలో ఆ శిశుమరణాలు దాదాపు తొలగిపోయినవని 2015లో ప్రకటించారు. కాని ఆ క్రిమి మట్టిలోంచి ఎక్కడికీ పోలేదు. గాయపాకు మీద ఎలుకలలో పరీక్షలు జరిగినవి, పసుపుకూ గుణముంది, కాదనను. అయినా డబ్బాలోని పసుపూ, గట్టు మీది ఆకూ క్రిమి లేనివని ఎవరు హామీ ఇస్తారు? కుళాయి నీళ్ళు ధారగా పోసి సబ్బుతో కడిగి, పల్చగా వేజలీను రాసి, ఉతికిన గుడ్డో బ్యాండేజీయో కట్టి రోజూ మార్చడం వీటన్నిటికంటె మేలు. లోతుగా తెగినా, తుప్పు మేకు గుచ్చుకున్నా ధనుర్వాతపు సూది సంగతి ఆ రోజే డాక్టరును అడగండి.

రెండు అంచుల నుంచీ పాకిన కణాలు మధ్యలో కలుసుకుంటవి. కలుసుకోగానే ఆగుతవి! సాటికణం తగలడమే ఆగమన్న కబురు. దీనికి మన ఇళ్ళల్లో అందరూ చూసే ఋజువు ఒకటి ఉంది. పాపకు చెవి కుట్టించినప్పుడు రంధ్రం ఎందుకు పూడదు? మధ్యలో పోగు అడ్డం ఉంది కనక. అటునుంచీ ఇటునుంచీ వచ్చిన కణాలు సూటిగా కలుసుకోలేక, పోగు చుట్టూ రంధ్రపు గోడల వెంట లోపలికి పాకి, అక్కడ కలుసుకొని, గొట్టంలాగా చర్మం పరుస్తవి. గొట్టం పూర్తికాకముందే పోగు తీస్తే రంధ్రం పూడిపోతుంది.

పైన ఇట్లా ఉండగా కింది అంతస్తులో నారకణాల పని. ఇవి ఫైబ్రిన్ వలలోకి వచ్చి కొల్లాజెన్ తాళ్ళు పేనుతవి. ముందు హడావిడిగా సన్నరకం వేసి, తరవాత నెలల తరబడి దాన్ని తీసి గట్టిరకం వేస్తవి. కొన్ని నారకణాలు కండలాగా బిగిసి గాయం అంచులను దగ్గరికి లాగుతవి. మూడు పేటల తాడు గట్టిగా నిలవాలంటే ప్రోలీన్ అనే ఎమినో ఆమ్లానికి ఆక్సిజన్ చేర్చాలి. ఆ పని చేసే ఎంజైముకు సి విటమిను కావాలి. 1740ల్లో ఆన్సన్ అనే ఇంగ్లీషు నౌకాధిపతి ఓడల్లో నెలల తరబడి పండూ కూరా లేక స్కర్వీ వచ్చినప్పుడు, ఒక ముసలి సిపాయికి యాభై ఏళ్ళ కిందట మానిన యుద్ధగాయం తిరిగి తెరుచుకున్నదని రాసిపెట్టారు. మానిన మచ్చలో కూడా తాళ్ళు విప్పి పేనే పని ఆగదన్నమాట. మనకు జామ, ఉసిరి, నిమ్మ అందుబాటులో ఉన్నవి కనక ఆ బెంగ లేదు. ఇంత చేసినా మచ్చ పాత చర్మంతో సమానం కాదు. మూడు వారాలకు దాని బలం అసలు చర్మంలో అయిదోవంతు. ఎన్నాళ్ళయినా నూటికి ఎనభై దాటదు. కుట్లు విప్పిన మర్నాడే పలుగు పట్టవద్దని డాక్టర్లు చెప్పడం ఇందుకే.

మచ్చ పడ్డాక నారకణాలు చాలామట్టుకు తమంతట తామే చచ్చిపోవాలి. అది కూడా ఒక కబురే. అది సరిగా అందకపోతే చెవి కుట్టినచోట ఉసిరికాయంత కణితి లేచేవాళ్ళున్నారు. ఇంకా పెద్ద ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. బంగారు గనుల్లో బండ తొలిచేటప్పుడు లేచిన సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేది. భక్షకకణం ఆ రేణువును మింగుతుంది, అరిగించుకోలేక చస్తుంది, రేణువు బయటపడుతుంది, ఇంకొక కణం మింగుతుంది. ప్రతిసారీ గాయమైందన్న కబురే పోతుంది. నారకణాలు పాపం తమ ధర్మం తాము చేస్తవి: కొల్లాజెన్ పేనుతవి, పేనుతూనే ఉంటవి. గాలి ఆడవలసిన చోట ముడులు పడతవి. మన దేశంలో ఈ సిలికోసిస్ జబ్బు మొదట బయటపడింది 1934లో కోలారు గనుల్లోనే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డవి. గనిలోంచి బయటికి వచ్చినా రేణువులు మనిషిలోంచి రావు. మాస్తిలో వేలు మాన్పే కణమే చాంపియన్ రీఫు కూలీ ఊపిరి బిగించింది. ఆ ముడులు విప్పే మందు ఈనాటికీ లేదు.

చక్కెర జబ్బువాళ్ళ పాదంలో జరిగేది దీనికి కొంచెం దగ్గర, కొంచెం దూరం. అక్కడ పని మొదలై, మొదటి దశలోనే చిక్కుకుంటుంది. నెత్తుట్లో చక్కెర ఎక్కువైనప్పుడు తెల్లకణాలు మందగిస్తవి. భక్షకకణాలు శుభ్రం చేసే దశ వదిలి కట్టే దశకు మారవు. కత్తిరించే ఎంజైములు అతిగా ఊరి, కొత్తగా పేనిన తాడునూ, కబురు అణువులనూ కూడా తుంచేస్తవి. సన్ననాళాలు పాడై ఆక్సిజన్ అందదు. వీటన్నిటికీ ముందు నరాలు మొద్దుబారి ఉంటవి కనక ముల్లు గుచ్చుకున్న సంగతే తెలియదు. తెలియక ఆ కాలితోనే చేలో తిరుగుతారు. నెల రోజులకు వేలు నల్లబడితే అప్పుడు ఆస్పత్రి, అప్పుడు కోత. మన ఇళ్ళల్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నాం!

కోహెన్ కనుక్కున్న ఆ కబురు అణువునే ఇప్పుడు సూక్ష్మక్రిముల చేత తయారుచేయించి, హైదరాబాదులో భారత్ బయోటెక్ వారు జిగురు మందుగా అమ్ముతున్నారు. చక్కెర జబ్బు పుండ్లకూ, కాలిన గాయాలకూ డాక్టర్లు వాడుతున్నారు. మంచిదే. కాని పుండులో చచ్చిన మాంసం తీయకుండా, చక్కెర అదుపు చేయకుండా, ఆ పాదం మీద బరువు మోపడం మానకుండా గొట్టాలకు గొట్టాలు రాసినా లాభం తక్కువ. అడుగు వేసినప్పుడల్లా కొత్త పొర నలిగిపోతుంది. పుండు ఉన్న కాలికి విశ్రాంతి ఇవ్వడం మందులో సగం. కోతల కాలంలో ఈ మాట చెప్పడం తేలిక, వినడం కష్టమని నాకు తెలుసు.

ఆ అవ్వకూ చక్కెర ఉంది. రాత్రి కాళ్ళు కడుక్కున్నాక మనవరాలి చేత అరికాళ్ళూ, వేళ్ళ సందులూ దీపం వెలుతురులో చూపించుకోమన్నాను. తన కంటికి అరికాలు కనపడదు కదా. పొద్దున చెప్పులు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి తడమమన్నాను, మేకు మొన పైకి వచ్చిందేమో అని. కాలిపుండు వారం దాటినా మానకపోతే, లేదా మానేదల్లా మళ్ళీ పచ్చిపడితే, మాలూరో కోలారో ఆస్పత్రికి పొమ్మన్నాను. పోయేటప్పుడు రోజూ తొడిగే చెప్పులే వేసుకుపోవాలి, కొత్తవి కాదు. అవి ఎక్కడ అరిగినవో చూస్తే పాదంలో ఎక్కడ బరువు పడుతున్నదో డాక్టరుకు తెలుస్తుంది.